జైహింద్ పలుకు నిచ్చిన యోధుడు – ఆబిద్ హసన్ సఫ్రానీ

స్వాతంత్ర్య దినోత్సవము నాటి ఉదయమున ఏ పల్లె పాఠశాల ముంగిట నిలిచి చూచినను ఒకే దృశ్యము కానవచ్చును. జెండా ఎగురును, దానిలో ముడిచిన పూలరేకులు జలజల రాలును, పిల్లలు బారులు తీరి గొంతెత్తి జైహింద్ అందురు. సరిహద్దున కావలి యున్న సిపాయి తన అధికారికి వందన మొసగుచు పలుకునదియు ఆ మాటయే. దేశనాయకులు తమ ప్రసంగములను ముగించునదియు ఆ మాటతోడనే. అది వేదమునుండి వచ్చినది కాదు. పురాణమునుండి వచ్చినది కాదు. ఏ పండిత సభయు దానిని నిర్ణయింపలేదు. పరదేశమునందు, పరుల చెరలో చిక్కిన సిపాయీల నడుమ, హైదరాబాదు నగరమునుండి వెళ్లిన యొక యువకుని తలపున అది రూపుదాల్చినది. ఆ యువకుడే ఆబిద్ హసన్ సఫ్రానీ.

సైనికునకు దేశ మనగా నేమి? కోనసీమ రైతు నడిగినచో అతడు తన వరిచేనును, కొబ్బరితోటను, చేనికి నీరు తెచ్చు గౌతమీ కాలువను చూపును. వర్తకుడు తన అంగడిని, గృహిణి తన వాకిలిని చూపును. సైనికుడో, వీనినన్నిటిని విడిచి, ఎన్నడును చూడని చోటికి పోయి, ఎన్నడును చూడని వారితో పోరును. ఆ వేళ వాని కన్నుల యెదుట తన ఊరు లేదు, తన వారు లేరు. మరి దేనికొరకు ప్రాణము నొడ్డును? జీతమునకు కొందరు, తిన్న ఉప్పునకు కొందరు, పటాలపు పరువునకు కొందరు. ఇవి యేవియు తక్కువ మాటలు కావు. కాని దేశము పరాధీనమై యున్నప్పుడు, జీతము నిచ్చువాడు పరుడైనప్పుడు, తాను తినుచున్న ఉప్పు ఎవరిదను ప్రశ్న సిపాయి మనస్సున పుట్టక మానదు. ఆ ప్రశ్నను స్వయముగా ఎదుర్కొని, వేలమంది సిపాయీలు ఎదుర్కొనుట దగ్గర నుండి చూచినవాడు ఆబిద్ హసన్.

ఆయన పూర్తి పేరు జైనుల్ ఆబిదీన్ హసన్. 1911వ సంవత్సరము ఏప్రిల్ 11వ తేదీన హైదరాబాదున జన్మించెను. తండ్రి అమీర్ హసన్ నిజాము ప్రభుత్వమున ఉన్నతోద్యోగి. తల్లి ఫక్రుల్ హాజియా బేగము గాంధీమహాత్ముని యెడ మిక్కిలి భక్తి కలది. ట్రూపు బజారునందలి తమ యింటనే ఆమె విదేశీ వస్త్రములను ప్రోగు వేయించి నిప్పు పెట్టించెను. ప్రభుత్వోద్యోగి గృహమున, నిజాము రాజధాని నడిబొడ్డున, ఇట్టి కార్యము జరుగుట ఆ దినములలో సామాన్యము కాదు. ఆ మంటల వెలుగున పెరిగిన పిల్లవానికి, తన దేశము నిజాము సరిహద్దుల వద్ద ఆగిపోవునది కాదని తెలియుటకు వేరు గురువు అవసరము లేకపోయెను.

శాసనోల్లంఘనోద్యమము దేశమంతట చెలరేగిన దినములలో ఆబిద్ హసన్ కళాశాల విడిచి సబర్మతీ ఆశ్రమమునకు పోయెను. కొంతకాలము అచ్చటి నియమములతో జీవించెను. కాని యువకరక్తము సహనమును ఎంతోకాలము సహింపలేదు. విప్లవ మార్గమున స్వరాజ్యము శీఘ్రముగ వచ్చునను తలంపుతో ఆ త్రోవ పట్టి, పట్టుబడి, నాసిక్ కారాగారమున శిక్ష ననుభవించెను. గాంధీ – ఇర్విన్ ఒడంబడిక పుణ్యమున విడుదల లభించెను. పిమ్మట ఇంజనీరింగు విద్య నభ్యసించుటకై జర్మనీ దేశమునకు పయనమయ్యెను. రెండవ ప్రపంచ యుద్ధము ఆరంభమగు నాటికి ఆయన అచ్చటనే యుండెను.

1941 జనవరిలో కలకత్తాలోని తన యింట నిర్బంధమునందున్న సుభాస్ చంద్ర బోసు మారువేషమున తప్పించుకొని, కాబూలు మీదుగ ఏప్రిల్ నెలలో బెర్లిను చేరెను. ఆయన ప్రసంగము నొకదానిని వినిన ఆబిద్ హసన్, తన చదువు ముగిసిన వెంటనే వచ్చి సేవ చేయుదునని విన్నవించుకొనెను. చిన్న పనులను ముందుంచుకొనువానికి పెద్ద పనులు చేయు దినము ఎన్నడును రాదని బోసు బదులు పలికెను. ఆ మాట యువకుని హృదయమున ములుకువలె నాటుకొనెను. పట్టము చేతికందు వేళ సమీపించినను చదువునకు స్వస్తి చెప్పి, ఆబిద్ హసన్ బోసునకు కార్యదర్శియు దుబాసీయు అయ్యెను.

ఆ కాలమున ఉత్తరాఫ్రికా రణరంగమునందు జర్మనులకును ఇటాలియనులకును పట్టుబడిన భారతీయ సిపాయీలను జర్మనీలోని అన్నబర్గు శిబిరమున ఉంచిరి. వారినుండి స్వాతంత్ర్య సేన నొకదానిని నిర్మింపవలెనని బోసు సంకల్పము. కార్యము సులభముగ నెరవేరలేదు. శిబిరములోని హవల్దారులు, నాయకులు మొదట బోసు మాటలకు చెవియొగ్గలేదు. కొందరు అడ్డుపలుకులు పలికిరి. వారిని నిందించుట తగదు. రాజునకు విధేయులమై యుందుమని వారు ప్రమాణము చేసి యుండిరి. ఇంటి కడ భార్యాబిడ్డలు వారి జీతముపై ఆధారపడి బ్రతుకుచుండిరి. సేన మారినచో ఆ జీతమేమగును? ఓడిపోయినచో ఉరికంబము తప్పునా? దేశమను మాట విన నింపుగనే యుండును. కాని ఆ దేశము చేతిలో సెంటు భూమి యైనను లేదు, ఖజానా లేదు, రాజముద్ర లేదు. అట్టి దేశము కొరకు ఉన్న ప్రమాణమును త్రెంచుకొనుట ఎంతటి కఠిన కార్యమో ఊహింపవచ్చును. ఆ సిపాయీలతో కూర్చుండి, వారి సందేహములు విని, వారి భాషలో బదులు చెప్పు పనిలో ఆబిద్ హసన్ పాల్గొనెను. క్రమక్రమముగ సుమారు మూడు వేలమంది ఆ సేనలో చేరిరి.

ఇచ్చట నొక సంగతి గుర్తుంచుకొనవలెను. బ్రిటిషువారి భారత సైన్యమునందు పటాలముల నిర్మాణము జాతులనుబట్టి, మతములనుబట్టి జరుగుచుండెను. సిక్కుల దళము వేరు, డోగ్రాల దళము వేరు, పంజాబు మహమ్మదీయుల దళము వేరు, జాట్ల దళము వేరు. వంటశాలలు వేరు, పంక్తులు వేరు. అంతియే కాదు, పందొమ్మిదవ శతాబ్దము చివరి భాగమున సేనాపతి రాబర్ట్సు మున్నగువారు వీరజాతులను సిద్ధాంతమును ప్రబలింపజేసి, దక్షిణాదివారు యుద్ధమునకు తగరని తలంచి, మద్రాసు పటాలములను కుదించివేసిరి. ఒకప్పుడు ఆ పటాలములలో పలువురు తెలుగువా రుండిరి. ఇట్లు విభజింపబడిన సైన్యమునందు సిపాయికి తన దళము తెలియును, తన దొర తెలియును. తన దేశము తెలియుటకు మాత్రము అవకాశము తక్కువ.

బోసు ఈ గోడలను పడగొట్టదలచెను. కొత్త సేనలో అన్ని మతములవారిని ఒకే దళమున కలిపి యుంచెను. కాని ప్రాతఃకాలమున ఒకరి నొకరు కలిసికొన్నప్పుడే చిక్కు మొదలయ్యెను. సిక్కు తన గురువుల పలుకు పలుకును, మహమ్మదీయుడు సలామనును, రాజపుత్రుడు రామునకు జయ మనును, మరియొకడు నమస్కార మనును. నోరు తెరచినంతనే ఎవరెవరో తేటతెల్లమై, ఎవరి గోడ వారి చుట్టు మరల లేచుచుండెను. అందరికిని చెల్లు పలకరింపు నొకదానిని చూడుమని బోసు ఆబిద్ హసనునకు పని యొప్పగించెను. ఆయన మొదట ఆంగ్లేయుల హలో అను పిలుపును సూచించి చీవాట్లు తినెను. పిమ్మట శిబిరమున తిరుగుచు చెవియొగ్గి వినసాగెను. రాజపుత్ర సిపాయీలు పరస్పరము రామునకు జయము పలుకు తీరు ఆయన చెవికి ఇంపుగ తోచెను. దేవుని పేరున్న చోట దేశము పేరు నుంచినచో ఎట్లుండునని యోచించి, హిందుస్తానమునకు జయము అను భావమును గ్రహించి, దానిని కుదించి జైహింద్ అని చేసెను. బోసు సంతోషముతో అంగీకరించెను. ఈ మాట పుట్టుకను గూర్చి వేరు కథనములును కలవు. కాని సేనలో వాడుకకు వచ్చిన వందనముగ దానిని తీర్చిన కీర్తి ఆబిద్ హసనునకే చెల్లునని పలువురు చరిత్రకారుల మతము.

ఈ కథ చిన్నదిగ తోచవచ్చును. కాని సిపాయి వైపునుండి చూచినచో ఇది చిన్నది కాదు. అతడు తన దేవుని విడువలేదు, తన ప్రార్థన మానలేదు. తన ప్రక్కవానిని పలుకరించుటకు మాత్రము ఇద్దరికిని చెందిన మాట యొకటి దొరకెను. ఆ దినమున దేశము ఆ సిపాయీల నడుమ రెండక్షరముల జయముగ, ఒక పలకరింపుగ పుట్టెను.

ఐరోపానుండి భారతదేశమును విడిపించుట దుర్లభమని గ్రహించి బోసు తూర్పు ఆసియాకు పోవ నిశ్చయించెను. 1943 ఫిబ్రవరి 8వ తేదీన జర్మనీలోని కీల్ రేవునుండి యూ–180 అను జలాంతర్గామిలో బయలుదేరెను. వెంట నుండిన భారతీయుడు ఆబిద్ హసన్ ఒక్కడే. ఇరుకైన గొట్టము వంటి ఆ నావలో నూనె కంపు వస్త్రములకును, రొట్టెకును, ఊపిరికిని పట్టి యుండెను. నావ అడుగున వెదకి ఆబిద్ హసన్ కొంత బియ్యమును, పప్పును సంపాదించి, తమ నాయకునకు దేశీయ భోజనము వండి పెట్టుచుండెను. బోసు దానిని తా నొక్కడే భుజింపక జర్మను అధికారులకును పంచుటచే, నిలువ తరిగిపోవుచున్నదని ఆబిద్ హసన్ లోలోన చింతించెనట. పగలంతయు బోసు చెప్పుచుండగ ఆయన వ్రాసికొనుచు, టైపు చేయుచు నుండెను. శత్రువుల నావలు చుట్టును తిరుగుచుండిన సముద్రమున ఇట్లు ఇంచుమించు మూడు నెలలు గడచెను. ఏప్రిల్ చివర మడగాస్కరు దీవి సమీపమున ఐ–29 అను జపాను జలాంతర్గామి ఎదురుపడెను. కెరటములు కొండలవలె లేచుచుండగ ఇరువురును రబ్బరు తెప్ప నెక్కి, తడిసి ముద్దయి, ఒక నావనుండి మరియొక నావకు చేరిరి. మే నెలలో సుమత్రా కొననున్న సబాంగు దీవిలో కాలు మోపిరి.

ఆగ్నేయాసియాలో వారికొరకు గొప్ప జనసముద్రము వేచియుండెను. 1942 ఫిబ్రవరి 15వ తేదీన సింగపూరు జపానువారి వశమైనప్పుడు వేలకొలది భారతీయ సిపాయీలు బందీలైరి. మోహన్ సింగు నాయకత్వమున వారిలో పలువురు ఆజాద్ హింద్ ఫౌజు అను పేర కూడిరి. 1943 జూలై 4వ తేదీన బోసు ఆ యుద్యమ నాయకత్వమును స్వీకరించెను; అక్టోబరు 21వ తేదీన ఆజాద్ హింద్ ప్రభుత్వమును ప్రకటించెను. ఆ సేనలో బందీ సిపాయీలే కాక సామాన్య ప్రజలును వేలకొలది చేరిరి. మలయాలో రబ్బరు తోటలయందు పాలు గీయు కూలీలు చేరిరి. వారిలో తమిళు లధికము, తెలుగువారును కలరు. యుద్ధమునకు తగరని బ్రిటిషువారు త్రోసిపుచ్చిన దక్షిణాది బిడ్డలే ఇట్లు తుపాకి పట్టి నిలిచిరి. స్త్రీలు ఝాన్సీరాణి పేర నొక దళముగ ఏర్పడిరి. ఆ దళమునందలి యువతులలో పలువురు మలయాలోనే పుట్టి, భారతదేశమును కంటితో చూడనివారు.

ఈ సంగతి గోదావరి ప్రాంతము వారికి దూరమైనది కాదు. గౌతమి సముద్రమున కలియు చోటనున్న కోరంగి రేవునుండియు, తదుపరి కాకినాడ నుండియు తెలుగువారు తరతరములుగ రంగూనునకు వలసపోయిరి. బియ్యపు మరలలో, రేవులలో పనిచేసిరి. బర్మాలో తెలుగువారికి కోరంగీలను పేరే స్థిరపడెను. 1942లో యుద్ధము వచ్చినప్పుడు భారతీయులు లక్షలకొలది కొండలు, అడవులు దాటి కాలినడకన స్వదేశమునకు తిరిగివచ్చిరి. దారిలో రాలిపోయినవారు అసంఖ్యాకులు. ఆ మార్గములలోనే రెండేండ్ల పిమ్మట ఆజాద్ హింద్ సైనికులు స్వదేశము వైపు నడచిరి.

సింగపూరున జరిగిన యొక సంఘటన ఈ సేన స్వభావమును తెలుపును. అచ్చటి చెట్టియార్ల దేవాలయమువారు దసరా యుత్సవమునకు బోసును ఆహ్వానించిరి. ఉద్యమమునకు భూరివిరాళము నిత్తుమనిరి. అన్ని కులములవారికిని, అన్ని మతములవారికిని ప్రవేశము లేని చోటికి తాను రానని బోసు నిరాకరించెను. కడకు ఆలయాధికారులు సమ్మతించిరి. బోసు సేనాధికారులతో కూడ వెళ్లెను; వారిలో మహమ్మదీయు లుండిరి, సిక్కు లుండిరి, క్రైస్తవు లుండిరి. గర్భగుడి ముంగిట ఆబిద్ హసన్ జంకి నిలువగ అర్చకుడే లోనికి తోడుకొనిపోయెను. అందరి నుదుటను బొట్టు పెట్టిరి. వెలుపలికి వచ్చిన పిమ్మట బోసు తన నుదుటి బొట్టును తుడిచికొనెను. తక్కినవారును అట్లే చేసిరి. గుడిలో గుడి మర్యాద, సేనలో సేన మర్యాద. ఒకరి విశ్వాసము మరియొకరిపై మోపుట కాదు, ఒకరి వాకిట మరియొకరు గౌరవముతో నిలువగలుగుటయే వారు కోరిన దేశము.

ఆబిద్ హసనునకు సఫ్రానీ యను బిరుదు ఇట్టి మరియొక సందర్భమున వచ్చినది. పతాకమున ఏ వన్నె యుండవలెనని సేనలో చర్చ పుట్టెను. కాషాయము కావలెనని కొందరు హిందువులు, ఆకుపచ్చ కావలెనని కొందరు మహమ్మదీయులు పట్టుపట్టిరి. కడకు హిందువులు తమ పట్టు తామే విడిచిరి. తమదియే చెల్లవలెనని కాక తోడివాని మనస్సు కష్టపెట్టరాదని వారు వెనుకకు తగ్గుట ఆబిద్ హసనును కదలించెను. వారు వదలుకొన్న కాషాయమును తాను తన పేరున ధరించెను. సఫ్రానీ యనగా కాషాయ వర్ణము వాడు. ఒక మహమ్మదీయుడు ఆ పేరును జీవితాంతము మోసెను.

1944 మార్చిలో జపాను సేనలతో కూడి ఆజాద్ హింద్ దళములు బర్మా సరిహద్దు దాటి మణిపురమున ప్రవేశించెను. ఏప్రిల్ 14వ తేదీన మోయిరాంగు గ్రామమున షౌకత్ మాలిక్ అను సేనాధికారి త్రివర్ణ పతాకము నెత్తెను. మాతృభూమిపై కాలు మోపిన క్షణమున పలువురు సైనికులు వంగి ఆ మట్టిని కన్నుల కద్దుకొనిరి. ఆ మట్టి వారి ఊరి మట్టి కాదు. పంజాబు వానికిగాని, తమిళునకుగాని, తెలుగు వానికిగాని మణిపురపు కొండలు పరిచితములు కావు. అచ్చటి భాష తెలియదు. ఐనను అది తమ దేశమని వారు గుర్తించిరి.

మేజరు పదవిలో నున్న ఆబిద్ హసన్ ఆ రణరంగమున పాల్గొనెను. యుద్ధము అనుకూలింపలేదు. ఫిరంగులు లేవు, విమానములు లేవు, ఆహారము లేదు, మందులు లేవు. జపానువారు వాగ్దానము చేసిన సరఫరాలు రాలేదు. వానాకాలము విరుచుకుపడెను. మలేరియా, రక్తవిరేచనములు గుండ్లకంటె ఎక్కువమందిని బలిగొనెను. అడవిలో దొరకిన ఆకులు ఉడికించుకొని తినిరి. జూలైలో వెనుకకు మరలుమని ఆజ్ఞ వచ్చెను. ముందునకు నడచిన సుమారు ఆరు వేలమందిలో తిరిగి చేరినవారు సుమారు 2600 మంది మాత్రమేయని చరిత్రకారులు లెక్కించిరి. వారిలోను అధికులు నేరుగ ఆసుపత్రికి పోవలసినవారే. శత్రువులకు లొంగినవారును కలరు, సేనను విడిచి పోయినవారును కలరు. ఆకలితో, జ్వరముతో నున్న మనుష్యుల విషయమున దీనిని దాచవలసిన పని లేదు.

వర్షమున, బురదలో, పొంగిపొరలు చింద్విన్ నది వైపు సాగిన ఆ తిరుగు ప్రయాణమును గూర్చి ఆబిద్ హసన్ తరువాతి కాలమున ఆంగ్లమున నొక వ్యాసము వ్రాసెను. ఇంఫాలు నుండి వచ్చినవారు అని దాని పేరునకు అర్థము. అందు ఆయన తన ఘనతను చెప్పుకొనలేదు. తనతో నడచినవారిని గూర్చి వ్రాసెను. దేశములోని ప్రతి ప్రాంతమువాడును, ప్రతి మతమువాడును ఆ చిన్న గుంపున నుండుటను, ఎవరి తీరు వారికున్నను అందరును ఒకటియై యుండుటను తలచుకొని ఆయన ఆశ్చర్యపడెను. వారు ఓడిన సైనికులు. కాని తమలో తాము ఓడినవారు కారు. కోటిపల్లి రేవున వరద దినములలో పడవ యెక్కినవారికి ఈ సంగతి కొంత తెలియును. పడవ నడియేట ఊగునప్పుడు ప్రక్కవాడు ఏ కులమువాడని ఎవరును అడుగరు. వాని చేయి పట్టుకొందురు. ఆ సైనికులకు వారములకొలది ప్రయాణమంతయు నడియేటి పడవయే యయ్యెను. నాడు వారికి దేశ మనగా, తన గుప్పెడు గింజలను పంచి యిచ్చిన వాడు, జ్వరముతో కూలబడిన తనను లేవనెత్తి భుజము నిచ్చిన వాడు.

న్యాయముగ చెప్పవలెనన్న మరియొక సత్యమును చెప్పవలెను. ఇంఫాలు కొండలలో ఎదుటి వైపున నిలిచి పోరిన బ్రిటిషు సేనలోను అధిక సంఖ్యాకులు భారతీయులే. వారు దేశద్రోహులు కారు. జపాను సేనలు దేశములో ప్రవేశించినచో పీడ కలుగునని నమ్మినవారు వారిలో కలరు. చేసిన ప్రమాణమును, పటాలపు గౌరవమును నిలుపుకొన్నవారు కలరు. కరవు కాలమున ఇంటికి నాలుగు రూపాయలు పంపుటకై చేరినవారు కలరు. స్వాతంత్ర్యానంతరము దేశపు సరిహద్దులను కాపాడిన సైన్యమును వారే. జర్మనీకిని, జపానుకును తమ తమ స్వార్థములు కలవనియు, ఆ ప్రభుత్వములు జయించిన దేశములలో ఘోరములు జరిగెననియు చరిత్ర తెలుపుచున్నది. అట్టివారి సాయము గైకొనుట తగునా యను చర్చ నేటికిని ముగియలేదు. ఐనను ఆ కొండల రెండు వైపుల పడిన భారతీయులు ఒక దేశమువారే. ఏ సైనికుని త్యాగమును కొలుచుటకైనను అతడు తన దేశమును ఎట్లు అర్థము చేసికొనెనో ముందుగ తెలిసికొనుట న్యాయము.

1945 ఆగస్టులో జపాను లొంగిపోయెను. బోసు సైగానునుండి విమానమున బయలుదేరినప్పుడు అనుచరులందరికిని చోటు దొరకలేదు. జలాంతర్గామిలో మూడు నెలలు వెంట నుండిన ఆబిద్ హసన్ ఈ పర్యాయము నేలపై నిలిచిపోవలసి వచ్చెను. ఆగస్టు 18వ తేదీన తైహోకు వద్ద విమానము కూలి బోసు మరణించెనను వార్త పిదప తెలిసెను. ఆబిద్ హసన్ బ్రిటిషువారి చేత చిక్కి సింగపూరున చెర ననుభవించెను. ఆ సంవత్సరము నవంబరులో ఢిల్లీ ఎర్రకోటలో షానవాజ్ ఖాన్, ప్రేమ్ సెహగల్, గురుబక్ష్ సింగ్ ధిల్లాన్ అను సేనాధికారులపై విచారణ ఆరంభమయ్యెను. ఒక మహమ్మదీయుడు, ఒక హిందువు, ఒక సిక్కు ఒకే బోనున నిలువగ దేశమంతయు కదలెను. 1946 జనవరిలో వారు విడుదలైరి. ఫిబ్రవరిలో బొంబాయిలో నావికులు తిరుగబడిరి. సిపాయి మనస్సు మారినదని పాలకులకు తెలిసిపోయెను.

విడుదలయై వచ్చిన ఆబిద్ హసన్ కొంతకాలము కరాచీలో ఉద్యోగము చేసెను. దేశము విభజింపబడగ ఆయన హైదరాబాదునకు తిరిగివచ్చెను. మతమునుబట్టి దేశము నెంచుకొను అవకాశము ఎదుటనున్న కాలమున, జైహింద్ పలుకు నిచ్చినవాడు హింద్ నే యెంచుకొనెను. 1948లో భారత విదేశాంగ సేవలో చేరి ఈజిప్టు, చైనా, ఇరాకు, సిరియా, సెనెగలు మున్నగు దేశములలో పనిచేసి, డెన్మార్కున రాయబారిగ నుండి, 1969లో ఉద్యోగ విరమణ చేసెను. శేషజీవితమును హైదరాబాదుననే నిరాడంబరముగ గడపి 1984లో స్వర్గస్థుడయ్యెను.

ఆయన ఇచ్చిన మాట ఆయనకంటె ముందే రాజగౌరవము నందెను. స్వతంత్ర భారతదేశము 1947 నవంబరు 21వ తేదీన వెలువరించిన మొదటి తపాలా బిళ్ళపై త్రివర్ణ పతాకముతో పాటు జైహింద్ అను మాట ముద్రింపబడెను. ఆ మాటను మొదట నోట పలికిన సామాన్య సిపాయీల గతి మాత్రము అట్టిది కాలేదు. ఆజాద్ హింద్ సైనికులను స్వతంత్ర భారత సైన్యము మరల చేర్చుకొనలేదు. పలువురు తమ తమ ఊళ్లకు పోయి నాగలి పట్టిరి, కూలి చేసికొనిరి. 1972లో స్వాతంత్ర్య సమరయోధుల పింఛను పథకము వచ్చునప్పటికి ఇరువదియైదేండ్లు గడచెను. అంతవరకు బ్రతికియుండని వారెందరో. దేశము తన కేమిచ్చునని అడిగి వారు పోరలేదు. కాని వారడుగకపోవుట దేశము మరచుటకు కారణము కారాదు.

గ్రామ గ్రంథాలయము ఇట్టివారిని మరువకుండుటకే ఏర్పడినది. రాజుల చరిత్రలు, సేనాపతుల చరిత్రలు ఎల్లెడల లభించును. పేరులేని సిపాయీలతో నడచి, వారి పలకరింపును దేశమునకు పలకరింపుగ చేసిన ఆబిద్ హసన్ వంటివారి చరిత్రలు వెదకి చదువవలసినవి. కె.గంగవరము పిల్లలు రాబోవు జెండా పండుగ నాడు జైహింద్ అనునప్పుడు, అది ఆకాశము వంక చూచి పలుకుటకు పుట్టిన మాట కాదనియు, ప్రక్కన నిలిచినవాని ముఖము చూచి పలుకుటకు పుట్టిన మాటయనియు పెద్దలు వారికి చెప్పుదురు గాక.